రాయగడ మేష్టారి బడ్జెట్ షీటు: అరువు బేరం చేసేవాళ్లకి పనికొస్తుందా?

ముందే చెప్పేస్తున్నాను, షేర్లు కొనేవాళ్లకీ పోటీ పరీక్షలు రాసేవాళ్లకీ ఇది పనికిరాదు. ప్రభుత్వ పనులు చేసే కాంట్రాక్టర్లకి సరుకు అరువిచ్చి, వాళ్ల బిల్లు ఎప్పుడు పాసవుతుందా అని నెలల తరబడి చూసే మాలాంటి షాపులవాళ్ల కోసం రాస్తున్న రివ్యూ ఇది.

ఒడిశాలోని రాయగడలో మాది పైపుల షాపు. పీవీసీ, హెచ్‌డీపీఈ పైపులు, బోరు కేసింగు, మోటార్లు, వాటి సామాను అమ్ముతాం. మా మావగారి తండ్రి బొబ్బిలి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. కౌంటరులో నేను కూర్చుంటాను, మా ఆయన గుణుపురం, మునిగుడ లైన్లు తిరుగుతారు. అమ్మకాల్లో పెద్ద భాగం మంచినీటి పథకాల కాంట్రాక్టర్లదే. కంపెనీవాడికి మేం నెలలో డబ్బు కట్టాలి. కాంట్రాక్టరు మాత్రం "బిల్లు పడగానే ఇస్తాను" అంటాడు. ఆ బిల్లు ఎప్పుడు పడుతుందో అతనికీ తెలీదు, పని కొలతల పుస్తకం రాసిన జూనియర్ ఇంజనీరుకీ తెలీదు. ఖజానాలో డబ్బుంటే పడుతుంది. కాబట్టి ఖజానాలోకి డబ్బు ఎలా వస్తుందో తెలుసుకోవడం మాకు కాలక్షేపం కాదు, వ్యాపారం.

మేష్టారంటే బడి పంతులు కాదు. ట్రెజరీ లెక్కల్లో పనిచేసి రిటైరైన పెద్దాయన. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. ఊళ్లో ఏ హార్డ్‌వేర్ షాపులో అడిగినా చెప్తారు. ఏడాదికి 1,500 రూపాయలు కడితే రాష్ట్ర బడ్జెట్ వచ్చాక నాలుగు పేజీల షీటు ఇస్తారు, ఒక సాయంత్రం క్లాసు చెప్తారు, నెలకోసారి వాట్సాప్‌లో నోట్ పెడతారు. షీటు తెలుగులో కావాలన్నా ఒడియాలో కావాలన్నా దొరుకుతుంది.

క్లాసు మొదలుపెట్టే తీరు నాకు నచ్చింది. 2025-26కి ఒడిశా బడ్జెట్ 2.90 లక్షల కోట్లు. ఆర్థిక శాఖ కూడా ముఖ్యమంత్రి మోహన్ చరణ్ మాఝీ దగ్గరే ఉంది కాబట్టి 2025 ఫిబ్రవరి 17న ఆయనే దాన్ని సభలో పెట్టారు. మేష్టారు ఆ 2.90ని బోర్డు మీద పెద్దగా రాశారు. అందరం పుస్తకాల్లో ఎక్కించుకున్నాక దాని మీద అడ్డంగా గీత కొట్టేశారు. "ఇది ఖర్చు పెడతామని చెప్పిన మాట. మీకు డబ్బులిచ్చేది మాట కాదు, రాబడి. అది ఎక్కడి నుంచి వస్తాదో, వాటిల్లో ఏది ఎంత ఎగిరి పడతాదో అది చూడండి" అన్నారు.

అక్కడి నుంచి సరుకు మొదలైంది. రాష్ట్రానికి రాబడి నాలుగు దారుల్లో వస్తుంది. సొంత పన్నులు, అంటే జీఎస్టీలో రాష్ట్ర వాటా, పెట్రోలు, డీజిలు మీద వ్యాట్, మద్యం, రిజిస్ట్రేషన్లు, వాహనాల పన్ను. రెండోది పన్నులు కాని సొంత ఆదాయం. మూడోది కేంద్ర పన్నుల్లో వాటా. నాలుగోది కేంద్రం ఇచ్చే గ్రాంట్లు. ఇది ఏ గైడులోనైనా ఉంటుంది. మేష్టారి ప్రత్యేకత ఏంటంటే, ఒక్కో దారి పక్కన అది ఎంత నమ్మకమైనదో తన మార్కు వేస్తారు. కేంద్ర పన్నుల వాటాకి మంచి మార్కే వేశారు. 15వ ఆర్థిక సంఘం ప్రకారం 2025-26 దాకా రాష్ట్రాలన్నిటికీ కలిపి 41 శాతం, అందులో ఒడిశాది 4.528 శాతం. ఆ వాటా వాయిదాల్లో వచ్చి పడుతుంది. జీఎస్టీకి మధ్యస్థం. 2017 జులైలో అది మొదలైనప్పుడు ఏటా 14 శాతం పెరుగుదల లెక్కన తగ్గిన మేర కేంద్రం పూడుస్తానన్న హామీ ఉండేది. ఆ అయిదేళ్ల గడువు 2022 జూన్‌తో అయిపోయింది. ఇప్పుడు వసూలు తగ్గితే దెబ్బ రాష్ట్రానిదే. 2025 సెప్టెంబరు 22 నుంచి రేట్లు తగ్గించారు కదా, సిమెంటు 28 నుంచి 18 శాతానికి వచ్చింది. సిమెంటు షాపువాళ్లు సంతోషించారు. ఖజానా వైపు నుంచి చూస్తే అది వేరే కథ.

అసలు విషయం రెండో దారిలో ఉంది. ఒడిశా మిగతా రాష్ట్రాల్లా కాదు. ఇక్కడ పన్నేతర ఆదాయం సొంత పన్నులతో దాదాపు పోటీ పడుతుంది, అందులో సింహభాగం గనులది. మన జిల్లాలో బాక్సైటు ఉందిగానీ, ఖజానా నింపేది కెందుఝర్, సుందర్‌గఢ్ వైపు ఇనుప ఖనిజం. 2020 మార్చి 31తో పాత లీజులు చాలా ముగిసి గనులు వేలానికి వచ్చాయి. కొన్నింటికి కంపెనీలు ఖనిజం అమ్మకపు ధరలో నూరు శాతం దాటి ప్రీమియం, అంటే రాష్ట్రానికి అదనంగా కట్టే మొత్తం, పాడాయి. ఆ ధరని ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్ నెలనెలా ప్రకటిస్తుంది. ఖనిజం తవ్వుకున్నందుకు ప్రభుత్వానికి కట్టే 15 శాతం రాయల్టీ కూడా దాని మీదే. అంటే ఖనిజం ధర పెరిగితే రాయల్టీ, ప్రీమియం రెండూ పెరుగుతాయి, పడితే రెండూ పడతాయి. 2021లో ప్రపంచ మార్కెట్లో ఇనుప ఖనిజం ధర రికార్డుకి ఎక్కింది. 2021-22లో ఒడిశా గనుల రాబడి అంతకుముందు ఏడాది కంటే మూడింతలు దాటింది. అందులో ఎవరూ కొత్తగా పన్ను వేసింది లేదు.

తర్వాత 2022 మే 22న కేంద్రం ఇనుప ఖనిజం ఎగుమతి సుంకాన్ని 50 శాతానికి పెంచింది. ఎగుమతి తగ్గిపోయి దేశంలో ధర దిగింది. నవంబరు 19న ఆ పెంపు తీసేసింది. ఆర్నెల్ల ముచ్చట. ఆ నిర్ణయం ఢిల్లీలో జరిగింది, ఉక్కు ధర తగ్గించడానికి. భువనేశ్వర్ లెక్కలు మాత్రం తారుమారయ్యాయి. దీన్ని మేష్టారు తేదీలతో సహా నెలవారీ ధర పక్కనే గీసి చూపించారు. షీటులో నేను ఎక్కువసార్లు తిప్పి చూసే పేజీ అదే. మైనింగు పన్ను గురించి 2024 జులై 25న సుప్రీంకోర్టు రాష్ట్రాల వైపు తీర్పిచ్చింది కదా, బకాయిలు 2005 ఏప్రిల్ నుంచి లెక్కగట్టి, 2026 ఏప్రిల్ నుంచి పన్నెండేళ్ల వాయిదాల్లో వసూలు చేసుకోవచ్చంది కదా అని ఒకాయన అడిగితే, "చేతిలో పడ్డాక లెక్క వేద్దాం" అని వదిలేశారు. అదీ నాకు నచ్చింది.

మరి ఇలా ఎగిరి పడే డబ్బు మీద బతికే రాష్ట్రం బిల్లులు ఎలా ఇవ్వగలుగుతోంది? మేష్టారు నన్ను చూసి, "అమ్మా, నువ్వు మోటార్లు అమ్ముతావు కదా. గంటకి ఎన్ని లీటర్లు తోడుతుందో అందరూ అడుగుతారు, పైన ట్యాంకు ఎంతదో ఎవరూ అడగరు" అన్నారు. గనుల డబ్బు బాగా వచ్చిన రోజుల్లోనే ఒడిశా బడ్జెట్ స్థిరీకరణ నిధి అని ఒకటి పెట్టింది. మంచి ఏడాది వచ్చిన మిగులులో కొంత అందులో వేసి, రాబడి పడిన ఏడాది తీసి వాడుకోవాలన్నది ఉద్దేశం. పాత అప్పులు తీర్చడానికి రిజర్వు బ్యాంకు దగ్గర సింకింగ్ ఫండ్ వేరే ఉంది. అప్పుకీ లోటుకీ హద్దు పెట్టే ద్రవ్య బాధ్యత చట్టం 2005లో చేసుకున్నప్పటి నుంచి, 2005-06 మొదలు రెవెన్యూ ఖాతాలో మిగులే చూపిస్తోంది. ఇదంతా మొదటి నుంచీ ఉన్న బుద్ధి కాదని కూడా ఆయనే చెప్పారు. 1999 అక్టోబరు 29 సూపర్ సైక్లోన్ తర్వాతి ఏళ్లలో ఈ రాష్ట్రం ఓవర్‌డ్రాఫ్టుల మీద నెట్టుకొచ్చింది. అప్పుడు ఆయన సర్వీసులో ఉన్నారు. ఆ రోజుల కబుర్లు మొదలుపెడితే మాత్రం ఆయన్ని ఆపడం కష్టం. క్లాసులో చాలా సేపు అక్కడే పోయింది.

ఇక షీటులో రెండో పేజీ. 1,500 రూపాయలూ దానికే ఇచ్చాననుకుంటాను. ఏ బడ్జెట్ పుస్తకంలోనైనా ఒక్కో పద్దుకి అంకెలు వరసగా ఉంటాయి: రెండేళ్ల కిందటి అసలు లెక్క, నడుస్తున్న ఏడాది బడ్జెట్ అంచనా, దాని సవరించిన అంచనా, వచ్చే ఏడాది అంచనా. పేపర్లు చివరిది మాత్రమే రాస్తాయి. మేష్టారు మధ్య రెండిటినీ పక్కపక్కన పెట్టి, తేడా ఎక్కువున్న చోట ఎర్ర పెన్నుతో సున్నా చుడతారు. మాకు కావలసిన పద్దు జల్ జీవన్ మిషన్, ఊళ్లలో ఇంటింటికీ కుళాయి నీళ్లిచ్చే పథకం. ఒడిశాలో దాని ఖర్చు కేంద్రం సగం, రాష్ట్రం సగం. 2024-25కి కేంద్రం మొదట పెట్టిన అంచనా 70,163 కోట్లు. 2025 ఫిబ్రవరిలో సవరించిన అంచనా 22,694 కోట్లు. మళ్లీ 2025-26కి 67,000 కోట్లు చూపించి, పథకాన్ని 2028 దాకా పొడిగించారు. ఎర్ర సున్నా 22,694 చుట్టూ ఉంది.

ఆ షీటు వచ్చిన కొద్ది రోజులకే ఒక కుర్ర కాంట్రాక్టరు షాపుకి వచ్చాడు. ఒడియా అబ్బాయి, మంచి పనివాడే, నన్ను నానీ (అక్కా) అని పిలుస్తాడు. హెచ్‌డీపీఈ చుట్టలు నాలుగు లక్షల సరుకు కావాలన్నాడు. "నానీ, ఏప్రిల్లో బిల్లు పడిపోతుంది, కొత్త బడ్జెట్‌లో 67 వేల కోట్లు పెట్టారు, పేపరు చూడలేదా" అన్నాడు. పని బసుధదా, జల్ జీవన్‌దా అని అడిగాను. బసుధ ఒడిశా సొంత మంచినీటి పథకం, అదైతే రాష్ట్రం డబ్బు. జల్ జీవన్ అన్నాడు. సొరుగులోంచి షీటు తీసి కౌంటరు మీద పెట్టి ఎర్ర సున్నా చూపించాను. కాసేపు దాన్నే చూశాడు. సగం నగదు ఇస్తే సగం అరువిస్తానన్నాను. మొహం ముడుచుకుని పక్క వీధి షాపుకి వెళ్లాడు. సాయంత్రం తిరిగొచ్చి ఉన్న నగదుకి సరిపడా సరుకు పట్టుకెళ్లాడు, షీటుని ఫోనులో ఫొటో కూడా తీసుకున్నాడు. మేష్టారికి ఈ సంగతి తెలిస్తే ఒప్పుకోరు. షీటు బయటికి ఇవ్వొద్దని ఆయన షరతు.

నెలవారీ నోటులో ఎక్కువగా ఉండేది కాగ్, అంటే ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే సంస్థ, ఇచ్చే లెక్కలు. రాష్ట్రాల వసూళ్లు, ఖర్చులు కాగ్ నెలనెలా ప్రకటిస్తుంది, ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. ఏడాది అంచనాలో ఇప్పటికి ఎన్ని వంతులు వసూలైంది, కిందటేడు ఇదే నెలకి ఎంత అని మేష్టారు రెండు ముక్కల్లో చెప్తారు. వసూలు వెనకబడితే ముందు కోత పడేది జీతాలకీ పింఛన్లకీ కాదు. పనుల బిల్లులకే. ఇది తెలియడానికి షీటు అక్కర్లేదు, మా అరువు పుస్తకం చాలు. కానీ ఎప్పుడు జాగ్రత్త పడాలో ముందు తెలుస్తుంది. మార్చి గురించి కూడా మంచి మాట చెప్పారు. మార్చిలో ఖర్చు ఏడాది బడ్జెట్‌లో 15 శాతం దాటకూడదని ఇక్కడి ఆర్థిక శాఖ నియమం. కాబట్టి "మార్చిలో అన్నీ క్లియరైపోతాయి" అనే కాంట్రాక్టరు మాటని డిసెంబరులో నమ్మి సరుకు ఇవ్వొద్దు, డిసెంబరులోనే ఎంత బిల్లు పెట్టాడో అడగండి అన్నారు.

ఇప్పుడు లోపాలు. నెల నోటు చేత్తో రాసి ఫొటో తీసి పంపుతారు. ఆయన 1కి 7కి తేడా కనిపెట్టాలంటే అదృష్టం ఉండాలి. కోట్ల లెక్కల్లో అది చిన్న విషయం కాదు. నోటు అర్థం కాలేదంటే వాయిస్ మెసేజ్ పెడతారు, అందులో సగం పాత కలెక్టర్ల గురించే. కౌంటరులో గిరాకీ ఉండగా అది వినే ఓపిక ఎవరికుంటుంది?

అంతకంటే పెద్ద లోపం డీఎంఎఫ్‌ని వదిలేయడం. డీఎంఎఫ్ అంటే జిల్లా ఖనిజ నిధి, అది రాష్ట్ర బడ్జెట్లో భాగం కాదు. పాత లీజులు రాయల్టీలో 30 శాతం, వేలంలో వచ్చినవి 10 శాతం అందులో వేయాలి. ఆ డబ్బు జిల్లాలోనే ఖర్చవుతుంది. మా దగ్గరికి వచ్చిన ఒకాయన పని డీఎంఎఫ్‌ది. మేష్టారి నోటులో "ఈ త్రైమాసికం చేయి బిగపట్టండి" అని ఉంది. దాన్ని పట్టుకుని అరువు లేదన్నాను. ఆయన వేరే షాపులో కొన్నాడు, ఆయన బిల్లు టక్కున పడింది. నోటులో ఆ సలహా ఏ డబ్బుకి వర్తిస్తుందో, దేనికి వర్తించదో ఒక్క ముక్క లేదు. గట్టిగా అడిగితే తర్వాతి షీటులో డీఎంఎఫ్‌కి ఒక పేరా పెట్టారు. పేరా సరిపోదు, పేజీ కావాలి. మన జిల్లాలో అల్యూమినా కంపెనీ ఉన్నప్పుడు మరీను.

ఆంధ్రా సంగతి అర పేజీలో తేల్చేశారు, అదీ నాకు నచ్చలేదు. పార్వతీపురం, కురుపాం వైపు కాంట్రాక్టర్లు మా దగ్గర సరుకు తీసుకుంటారు. వాళ్ల బిల్లులు పడేది అమరావతి డబ్బుతో. ఆ అర పేజీ మాత్రం పదునుగానే ఉంది. 2024 అక్టోబరులో అక్కడ 3,396 మద్యం షాపులకి దాదాపు 90 వేల దరఖాస్తులు వచ్చాయి. ఒక్కోదానికి తిరిగివ్వని రుసుము 2 లక్షలు, అంటే 1,800 కోట్ల దాకా. మా తోడికోడలి తమ్ముడూ వేశాడు, రాలేదు. ఇది ఒక్కసారి వచ్చే డబ్బు, దీన్ని చూసి ఏటా పెట్టే ఖర్చు పెంచుకుంటే ఇబ్బందే అని మేష్టారి మాట. కరోనాలో, 2020 ఏప్రిల్లో దేశం మొత్తం జీఎస్టీ వసూలు 32 వేల కోట్లకి పడిపోయింది, అంతకుముందు ఏడాది ఏప్రిల్లో అది లక్షా 13 వేల కోట్లు. మే మొదటి వారంలో షాపులు తెరవగానే ఆంధ్రాలో మద్యం ధర ముందు 25 శాతం, మర్నాడు ఇంకో 50 శాతం పెంచారు. తాగుడు తగ్గించడానికే పెంచామన్నారు. మిగతా దారులన్నీ మూసుకుపోయినప్పుడు తెరిచి ఉన్నది ఆ ఒక్కటేనని నా అభిప్రాయం.

చేబదుళ్ల గురించీ అక్కడే రాశారు. రోజువారీ అవసరానికి రిజర్వు బ్యాంకు రాష్ట్రాలకి ఒక పరిమితి దాకా చేబదులిస్తుంది. అది దాటితే ఓవర్‌డ్రాఫ్టు. మామూలు రోజుల్లో అది వరసగా 14 పనిదినాలు మించితే చెల్లింపులు ఆగిపోతాయి, కరోనాలో దాన్ని 21కి పెంచారు. ఆ గీత దాటకుండా ఉండాలంటే ఏం ఆపుతారో మీరే ఊహించుకోండి. కార్పొరేషన్ల పేరు మీద తెచ్చే అప్పుల గురించి మాత్రం మేష్టారు నోరు విప్పలేదు. అడిగితే "అది ఇంకో క్లాసు" అన్నారు. ఆ క్లాసు ఇంకా జరగలేదు.

ఇంకొకటి, జోస్యాలు. షీటు చివర్న "ఈ నెలల్లో బిల్లులు జోరుగా పడతాయి" అని ఒక చిన్న పట్టీ ఉంటుంది. దాన్ని పట్టించుకోకండి. ఖనిజం ధర చైనాలో ఎటు పోతుందో, ఢిల్లీలో సుంకం ఎప్పుడు మారుతుందో రాయగడలో కూర్చుని చెప్పేవాళ్లెవరూ లేరు. ఆయన చెప్పగలిగింది ఏ డబ్బు నిలకడైనదో, ఏది కాదో. దానికే నేను కడుతున్నాను.

ఉచితంగా దొరికేవాటితో పోలిస్తే ఎలా ఉందంటారా? ఆర్థిక శాఖ వెబ్‌సైట్లో బడ్జెట్ పుస్తకాలన్నీ పెడతారు. ఇంగ్లీషు బాగా వచ్చి, పీడీఎఫ్‌లు తిరగేసే తీరిక ఉన్నవాళ్లకి మేష్టారు అక్కర్లేదు. మా అబ్బాయి అలాగే అంటాడు, కానీ ఒక్క పేజీ తెరిచింది లేదు. అరువు పుస్తకం పాతిక లక్షలు దాటిన షాపుకి ఈ ఫీజు లెక్కలోది కాదు. నగదు బేరం చేసేవాళ్లు, ఇళ్ల పనులకే సరుకు అమ్మేవాళ్లు దండగ ఖర్చు పెట్టుకోవద్దు. అయిదులో నేను మూడున్నర ఇస్తాను. నోటు టైపు చేసి పంపితే నాలుగు.

చేరాలనుకునేవాళ్లు జనవరిలో చేరండి, ఫిబ్రవరి క్లాసుకి సీట్లు మిగలవు. హాలు మేడ మీద, మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందే చెప్తే కింద షాపులో విడిగా చెప్తారు. ఫోన్‌పే తీసుకోరు, నగదే. షీటు తెలుగుదో ఒడియాదో మొదట్లోనే చెప్పాలి, మధ్యలో మార్చరు. డీఎంఎఫ్ పేజీ కావాలని మీరూ ఒకసారి అడగండి.